డిక్కీలో పెట్టిన పెట్టె

గోంగూర మీద నాకున్న యావ వల్ల ఐదుగురు పసిపిల్లలకి పనికిరాని టీకాలు వేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దీన్ని చివరికి నెట్టి, ముందు నా సర్వీసు గొప్పలు చెప్పుకుంటూ పోతే, వినేవాళ్ళు నన్ను మంచిదాన్ని అనుకునే ప్రమాదం ఉంది.

నా పేరు బాలత్రిపురసుందరి. ఇక్కడ కెనడాలో, మార్కమ్‌లో అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు కనుక పేషెంట్లకి నేను బాలని. డాక్టర్ అమరేశ్వరరావు గారి క్లినిక్‌లో పదమూడేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. అంతకు ముందు, మా ఆయనతో కలిసి ఈ దేశం రాకముందు, తూర్పు గోదావరి ఏజెన్సీలో ఇరవై ఏళ్ళు ఏ.ఎన్.ఎం.గా పనిచేశాను. ఊళ్ళు తిరిగి గర్భిణుల్ని చూడడం, పిల్లలకి టీకాలు వేయడం నా ఉద్యోగం. అక్కడ నా పేరు సూదమ్మ. నేను ఊళ్ళో అడుగు పెట్టగానే పిల్లలు జీడితోటల్లోకి పరుగెత్తేవారు. తల్లులు వాళ్ళ వెనకాల పరుగెత్తేవారు. ఆ పరుగులన్నీ అయ్యాకే నా పని మొదలయ్యేది.

బుధవారం, శనివారం టీకాల రోజులు. ఇప్పటికీ శనివారం పొద్దున్నే మెలకువ రాగానే కరెంటు ఉందా లేదా అని ముందు లైటు వైపు చూస్తాను. ఇక్కడ కరెంటు ఎందుకు పోతుందండీ? అయినా చూస్తాను. ఉంటే సంతోషపడతాను. మా ఆయన నవ్వుతారు.

ఆ పొద్దుటి పనులు నాకు వరసగా గుర్తున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రీజర్ తెరిచి ఐస్ ప్యాకులు తీసి బల్ల మీద పరచాలి. వెంటనే పెట్టెలో పెట్టకూడదు. వాటికి చెమట పట్టాలి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు గళగళమనాలి. ఎందుకని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పటిదాకా టీ తాగుతూ కూర్చోవాలి. పక్కనే టీకాల ఫ్రిజ్. అందులో పై అరలో అక్కడి డాక్టరు గారి పెరుగు గిన్నె ఉండేది. తీసెయ్యమని మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి నేనే మజ్జిగ చేసుకుని తాగేశాను. ఆ తర్వాత ఆ ఫ్రిజ్‌లో పెరుగు కనిపించలేదు.

నీలం రంగు పెట్టె. నాలుగు గోడలకీ నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో సీసాలు, పైన మూత. పట్టీ భుజానికి తగిలించుకుంటే పెట్టె ఒరుసుకుని ఒరుసుకుని ఎడమ తుంటి మీద కాయ కాసింది. అది ఇప్పటికీ ఉంది. బస్సు దిగాక ఐదారు కిలోమీటర్లు నడక. వాగు వస్తే పెట్టె నెత్తి మీదకి ఎక్కేది. ఊరు చేరాక బడి వరండాలో ముందు పెట్టెకి నీడ వెతికి, తర్వాత నేను కూర్చునేదాన్ని. నీడ జరిగితే పెట్టె జరిపేదాన్ని. నేను ఎండలో ఉండిపోయినా సరే. ఇంటికెళ్ళాక మా అమ్మ నా మొహం చూసి, పెట్టెకి పెళ్ళి చేస్తావా ఏమిటే, ముందు నీ సంగతి చూసుకో అని విసుక్కునేది. జీపు దొరికిన రోజున ఇంజను వేడి తగలకుండా పెట్టెని అన్నిటికన్నా వెనక పెట్టేదాన్ని. ఎండ, వేడి, ఇవే మాకు తెలిసిన శత్రువులు. చలి మా పక్షం అనుకునేవాళ్ళం.

ఎంత కష్టమైనా ఆ రోజులే హాయి. వరండాలో స్పిరిట్ వాసన, చంకల్లో పిల్లలు, ఏడుపు ఆగాక తల్లులు నా ఒళ్ళో పోసే జీడిపిక్కలు. అవి తలుచుకుంటే ఇక్కడి తెల్లటి క్లినిక్‌లో కూడా కాసేపు నాకు ఎండ తగులుతుంది.

ఇక ఈ జనవరి సంగతి. ఒక శుక్రవారం. బయట మైనస్ ఇరవై మూడు. పబ్లిక్ హెల్త్ ఆఫీసు నుంచి టీకాలు తెచ్చే పని మా రిసెప్షన్‌లో ఉండే స్వీటీది. ఆ పిల్లకి జ్వరం వచ్చింది. నేను తెస్తానన్నాను. అక్కడ పెట్టె సర్ది ఇచ్చారు, లోపల చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టారు, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో రాసిన కాగితం చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నారు. చదవకుండా సంతకం చేశాను. ఇరవై ఏళ్ళు నెత్తిన పెట్టుకు మోసినదాన్ని, నాకా వీళ్ళు నేర్పేది అనుకున్నాను. పొగరు. ఇంకో మాట లేదు దానికి.

కారు ఎక్కేసరికి హీటర్ ఫుల్లుగా తిరుగుతోంది. సీటు కింద వేడి, కాళ్ళకి వేడి, మొహానికి వేడి. ఇంత వేడిలో టీకాలా! నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. పెట్టె తీసుకెళ్ళి డిక్కీలో, కదలకుండా, కింద పాత దుప్పటి వేసి మరీ పెట్టాను. మనసులో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

సగం దారిలో ఫోనుకి మెసేజ్. మన వాళ్ళ కిరాణా షాపు వాళ్ళు పెట్టారు, ఎర్రకాడ గోంగూర వచ్చిందని. జనవరిలో ఎర్రకాడ గోంగూర! కారు దానంతట అదే అటు తిరిగింది. లోపల తెలిసినవాళ్ళు ఇద్దరు కలిశారు. కబుర్లు. యాభై నిమిషాలు. కారు బయట మంచులో ఉంది, పెట్టె డిక్కీలో ఉంది.

క్లినిక్‌కి వచ్చేసరికి స్వీటీ లేక రిసెప్షన్ గోలగోలగా ఉంది. ఫోన్లు ఎత్తుతూ, వచ్చినవాళ్ళకి సమాధానాలు చెబుతూ పెట్టెని కౌంటర్ మీద అరగంట పైనే ఉంచేశాను. తర్వాత తెరిచి చూస్తే థర్మామీటర్ మూడు డిగ్రీలు చూపిస్తోంది. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే క్షేమం. లాగ్ షీట్‌లో మూడు అని రాశాను. పక్కన ఇంకో రెండు గడులున్నాయి, దారిలో అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత అని. థర్మామీటర్ మీద ఒక బటన్ నొక్కితే అవి కూడా చెబుతుంది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. మా పాత ఫ్రిజ్‌లో గుండ్రటి డయల్ ఒక్కటే ఉండేది. చూసినప్పుడు ముల్లు ఎక్కడుంటే అదే లెక్క. ఇందాక ఎక్కడుందని దాన్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మర్నాడు శనివారం, కొత్త స్టాకులోంచి ఐదుగురు పిల్లలకి వేశాను. ఐదోవాడు కిరీటి. నాలుగు నెలలవాడు.

కిరీటి తల్లి మధుమిత. వరంగల్ అమ్మాయి. ఇక్కడ కాలేజీకి వచ్చి, చదువయ్యాక పక్కనే వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పనిచేస్తోంది. రెండో నెలలో వేయించాల్సిన టీకాలకి పిల్లాణ్ణి తీసుకురాలేదు. ఫోన్‌లో ఏవో వీడియోలు చూసి భయపడింది. నేను మూడుసార్లు ఫోన్ చేశాను. డిసెంబరులో వచ్చి గంటసేపు నా ఎదురుగా కూర్చుంది, ఒక నోట్‌బుక్ నిండా ప్రశ్నలతో. ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పాను. కోరింత దగ్గు వచ్చిన పిల్ల ఊపిరందక ఎలా నీలంగా మారుతుందో చెప్పాను, నేను చూశాను కనుక. చివరికి ఆమె నోట్‌బుక్ మూసి ఒక మాట అంది.

"మీరు చెప్తున్నరు కాబట్టి వేయిస్త ఆంటీ. ఇంకెవరు చెప్పినా వేయించకపోదును."

అలా వచ్చాడు కిరీటి ఆ శనివారం. రెండు తొడల్లో రెండు సూదులు. గుక్క పెట్టి ఏడ్చాడు. మధుమిత కూడా ఏడ్చింది. ఇద్దర్నీ సముదాయించి పంపాను, నా పాత శనివారాలు గుర్తొచ్చి ఆ రోజంతా ఖుషీగా ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం, ఖాళీగా ఉన్న ఆ రెండు గడులు నింపుదామని థర్మామీటర్ తీసి బటన్ నొక్కాను. మైనస్ రెండు పాయింట్ ఒకటి.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నొక్కాను. అదే అంకె. డిక్కీ, గోంగూర, యాభై నిమిషాలు ఒకదాని వెనక ఒకటి కళ్ళముందుకి వచ్చాయి. స్టూలు లాక్కుని కూర్చున్నాను. పిల్లలకి మొదట్లో వేసే ఈ టీకాలు గడ్డ కడితే పాడవుతాయి. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, లోపల సత్తువ ఉండదు. వేయించుకున్న పిల్లకి నొప్పి మాత్రం మిగులుతుంది, రక్షణ ఉంటుందన్న నమ్మకం లేదు.

నా బొటనవేలు రీసెట్ బటన్ పక్కనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే మైనస్ రెండు చెరిగిపోతుంది. ఇంకెవరూ చూడలేదు, చూడబోరు. లేచి ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి, ఊపి, కిటికీ వెలుగులో పట్టి చూశాను. పాలలా తెల్లగా బాగానే ఉంది. బాగానే ఉందిలే అని పైకే అన్నాను.

ఉద్యోగం పోతుందన్న భయం లేకపోలేదు. అసలు భయం మధుమిత. టీకా పాడైపోయిందని చెబితే ఆ పిల్ల మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతుందా? వీడియోల్లో చెప్పిందే నిజమని తేల్చుకోదూ? అప్పుడు కిరీటికి ఎప్పటికీ టీకా లేదు. చెప్పకపోతేనో, ఇప్పుడు వేసిన దానితో రక్షణ లేదు. ఇంకో దారి కూడా తట్టింది. కొత్త రూలు వచ్చింది, ఇంకో డోసు ఎక్కువ వెయ్యాలి, పిల్లాణ్ణి తీసుకురా అమ్మా అంటే సరి. నా మాట మీద వస్తుంది. పిల్లాడికి రక్షణ దొరుకుతుంది, నా పరువూ దక్కుతుంది. అబద్ధం చెప్పడానికి ఇంత మంచి కారణం నాకు జన్మలో దొరకలేదు.

నోట్లో ఆ వాక్యం కూర్చుకుంటూ ఉండగానే అమ్ములు గుర్తొచ్చింది. పాతికేళ్ళుగా ఆవిణ్ణి తప్పించుకు తిరుగుతున్నాను.

బూరుగులపాడు అని, మా సెంటరుకి అన్నిటికన్నా దూరపు ఊరు. అమ్ములుకి అప్పుడు ఇరవై ఏళ్ళుండవు, తొలిచూలు ఆడపిల్ల. ఒక తుఫానులో నాలుగు రోజులు కరెంటు పోయి వచ్చింది. పోయిన చల్లదనం పూడ్చాలని మా ఫార్మసిస్టు వీరభద్రం గారు ఫ్రిజ్ మర చివరిదాకా తిప్పేశారు. పొద్దున్న చూస్తే అడుగున ఉన్న సీసాలు గడ్డ కట్టి ఉన్నాయి. "గడ్డ కట్టిందంటే మరీ చల్లగా ఉన్నట్టే కదమ్మా, మంచిదే" అన్నారాయన. అవునండీ అన్నాను నేను. బస్సులో రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని ఆ సీసాలు కరిగించాను. వాటితోనే బూరుగులపాడులో పిల్లలందరికీ టీకాలు వేశాను. ఆ సంవత్సరమే అమ్ములు కూతురికి కోరింత దగ్గు వచ్చింది. మూడు నెలలు దగ్గింది. బతికింది గానీ పుల్లలా అయిపోయింది.

తర్వాత ఒక ట్రైనింగులో చెప్పారు, గడ్డ కట్టిన సీసా పారెయ్యాల్సిందే అని. అప్పటికి అమ్ములుకి రెండో బిడ్డ, మగపిల్లాడు. శనివారం టీకాకి తెచ్చింది. వారం తర్వాత ఆ ఊరు వెళ్తే పిల్లాడి మెడ కింద, చంకల్లో చెమటకాయలు పుండ్లయి ఉన్నాయి. ఒళ్ళంతా మట్టి వాసన. ఏమిటే ఇది అని కేకలేశాను.

"నీళ్ళు పొయ్యలేదమ్మా" అంది అమ్ములు. "పెద్దదానికి సూదేయించిన రోజు సాయంత్రం తానం చేయించేసేను. అందుకే ఆ సూది పని చెయ్యలేదు. నా వల్లే దానికి దగ్గొచ్చింది. ఈడికి పదిరోజులు ఒంటి మీద నీటి చుక్క పడనివ్వను."

తప్పు నాది, నీది కాదు అని ఆ క్షణంలో చెప్పాలి. చెప్పలేదు. స్నానం చేయించవచ్చులే అని మాత్రం అని, పుండ్లకి మందు రాసి, పెట్టె భుజానికి తగిలించుకుని వచ్చేశాను. ఆవిడ నన్ను వాగుదాకా సాగనంపింది. జీడిపిక్కలు కూడా ఇచ్చింది. ఇందాక హాయి అన్నానే, ఆ రోజుల అడుగున ఇది ఉంది. నేనెప్పుడూ పైపైనే తోడుకుని తాగాను.

థర్మామీటర్ పట్టుకుని అమరేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళాను. ఆయనది తెనాలి, డెబ్భై దాటాయి, గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అంతా విని, అంకె చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సుందరి గారూ, మీరా?" అన్నారు.

తిట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు.

ఆయన పబ్లిక్ హెల్త్ వాళ్ళకి ఫోన్ చేశారు. ఆ స్టాకు పక్కన పెట్టేయండి, ఐదుగురికీ మళ్ళీ వెయ్యాలి అన్నారు వాళ్ళు. బుధవారం కొత్త స్టాకు వచ్చింది. ఈసారి స్వీటీ తెచ్చింది, కారులో తన పక్క సీట్లో పెట్టుకుని.

"పేరెంట్స్‌కి నేను ఫోన్ చేస్తాలెండి," అన్నారు డాక్టరు గారు. "స్టోరేజ్ ఇష్యూ వచ్చిందని చెబితే సరిపోతుంది. మీ పేరెందుకు?"

"వద్దండీ. నేనే చేస్తాను. డిక్కీలో పెట్టింది నేనే కదా."

"ఆ వరంగల్ అమ్మాయి రాకపోతే?"

"రాకపోతే వాళ్ళింటికి వెళ్ళి బతిమాలుకుంటాను. అబద్ధం మాత్రం చెప్పలేనండి."

నలుగురికి చేశాను. ఒకాయన కంప్లయింట్ ఇస్తానన్నాడు. ఇవ్వండి అన్నాను. మిగతా ముగ్గురూ టైము అడిగి పెట్టేశారు. ఐదో నంబరు నొక్కే ముందు మంచినీళ్ళు తాగాను.

మధుమితకి మొత్తం చెప్పాను. డిక్కీ, మైనస్ రెండు, మంగళవారం. గోంగూర సంగతి కూడా చెప్పాను. అవతల వెనకాల కిరీటి ఏదో ఊ కొడుతున్నాడు.

"అంటే, ఆ రోజు బాబు ఊకెనే ఏడ్చిండా ఆంటీ?"



"అవునమ్మా. ఊరికే ఏడిపించాను," అన్నాను. "వాడికి ఏం కాదు. కానీ ఆ టీకా లెక్కలోకి రాదు. మళ్ళీ వెయ్యాలి. ఆలస్యం చెయ్యకూడదు."

"నేను ఎన్ని ప్రశ్నలడిగిన? రాసుకొచ్చి అడిగిన గదా. మీరొక్కరు చెప్పిన్రని నమ్మిన."

"అవును."

"ఇప్పుడు ఎవర్ని నమ్మాలె?"

"నన్ను నమ్మమని అడగడం లేదమ్మా. నా మీద కోపం ఎంతైనా ఉండనీ. పిల్లాడి టీకా మీద మాత్రం పెట్టుకోకు. శనివారం పదకొండింటికి టైము ఉంచుతాను."

ఫోన్ పెట్టేసింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శనివారం పొద్దున్న మంచు పడుతోంది. నలుగురు పిల్లలూ వచ్చి వెళ్ళారు. పదకొండయింది, పదకొండుంపావు అయింది. నేను కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్‌లోకి వచ్చే ప్రతి కారునీ చూస్తున్నాను. ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కాను. పదకొండున్నరకి, పిల్లాణ్ణి పడుకోబెట్టి ముసుగు కప్పిన కార్ సీటు ఒక చేత్తో, డైపర్ల బ్యాగు ఇంకో చేత్తో పట్టుకుని, మంచులో జారకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ మధుమిత వచ్చింది.

నేను పలకరిస్తుండగానే బూట్లు విప్పి, పిల్లాణ్ణి ఎత్తుకుని, "ముందుగాల నాకు ఆ ఫ్రిజ్ చూపించుండ్రి," అంది.

చూపించాను. తలుపు మీద థర్మామీటర్ చూసింది. తక్కువ ఎంత, ఎక్కువ ఎంత అని తనే బటన్ నొక్కి చూసింది. కొత్త పెట్టె వచ్చిన రోజు లాగ్ షీట్ అడిగింది. మూడు గడులూ నిండి ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసి ఫోటో తీసుకుంది. టీకా సీసా మీద నంబరు కూడా రాసుకుంది. ఇరవై ఏళ్ళలో నా పనిని ఇంత నిక్కచ్చిగా తనిఖీ చేసిన పై అధికారి ఒక్కడూ లేడు.

"సరే," అంది. "కానీ మీరు వెయ్యొద్దు. డాక్టర్ గారు వెయ్యాలె."

 సరేనమ్మా అన్నాను. పిల్లలకి సూది వేసి ఎన్నేళ్ళయిందో, అమరేశ్వరరావు గారు చేతులు కడుక్కుని, గొంతు సవరించుకుని వచ్చారు. మధుమిత ఒళ్ళో కిరీటి నన్ను చూసి బోసినోటితో నవ్వాడు. వాడికేం తెలుసు పాపం. కాళ్ళు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మధుమిత ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. "పట్టుకోండి," అంది. పట్టుకున్నాను. రెండు సూదులూ పడ్డాయి. గది దద్దరిల్లేలా ఏడ్చాడు. ఈసారి మధుమిత ఏడవలేదు. వాడి తల మీదుగా నన్నే చూస్తోంది, ఇంకా చల్లారని కోపంతో, రెప్ప వెయ్యకుండా. ఆ చూపు నాకు న్యాయంగా రావలసిందే. దాన్ని తప్పించుకోకుండా నిలబడ్డాను.

పిల్లాడు ఊరుకున్నాక, కోటు తొడిగి, ముసుగు సర్ది, కౌంటర్ దగ్గర ఆగింది.

"నెక్స్ట్ ఎప్పుడు?"

కంప్యూటర్‌లో తేదీ చూసి చెప్పాను. ఫోన్‌లో పెట్టుకుంది.

"అప్పుడు గూడ డాక్టర్ గారే వెయ్యాలె. రాసిపెట్టండి," అంది.

కిరీటి పేరు ఎదురుగా, అందరికీ కనిపించే గడిలో, ఇంజెక్షన్ డాక్టరే వేయాలి, నర్స్ బాల వేయరాదు అని నా చేతులతో నేనే టైపు చేశాను. స్క్రీన్ అటు తిప్పి చూపించాను. ఆమె చదివి, తల ఊపి వెళ్ళిపోయింది. ఆ తేదీని నేను మూడుసార్లు చదువుకున్నాను. వస్తుంది, పిల్లాణ్ణి తీసుకుని మళ్ళీ వస్తుంది. టాయిలెట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, సంతోషంతో ఏడ్చాను.